కుండలిని: గోదావరి డెల్టాలో ఒక మాట నడిచిన దారి

రాజమహేంద్రవరంలో సారంగధర మెట్ట ఏదని అడిగితే ఊళ్ళోవాళ్ళు చూపిస్తారు. కాళ్ళూ చేతులూ నరికించుకున్న రాజకుమారుడి కథ కూడా చెబుతారు. రాజరాజ నరేంద్రుడి కొడుకు సారంగధరుడు, అతన్ని మోహించిన చిత్రాంగి, ఆమె చాడీ, తండ్రి విధించిన శిక్ష - నాటకాల వల్లా, 1937లోనూ 1957లోనూ వచ్చిన సినిమాల వల్లా ఇదంతా తెలుగువాళ్ళకు కొట్టినపిండి. చివర ఒక సిద్ధుడు వచ్చి బ్రతికించాడని కూడా అంటారు. ఆ సిద్ధుడెవరు, అక్కడికి ఎందుకు వచ్చాడు అని మాత్రం ఎవరూ అడగరు.

పదిహేనో శతాబ్దంలో గౌరన ద్విపదలో రాసిన 'నవనాథ చరిత్ర'లో దానికి సమాధానముంది. శ్రీశైలంలోని భిక్షావృత్తి మఠాధిపతి కోరికమీద పుట్టిన కావ్యమది. అందులో సారంగధరుడి కథకు కేంద్రం చిత్రాంగి కాదు, యోగం. తెగిన అవయవాలతో పడివున్న అతన్ని సిద్ధుడు చేరదీస్తాడు, యోగం నేర్పుతాడు, అవయవాలు మళ్ళీ మొలుస్తాయి, రాజకుమారుడు చౌరంగి అనే సిద్ధుడవుతాడు. పంజాబులో ప్రచారంలో ఉన్న పూరన్ భగత్ కథా ఇదే. అక్కడా అతన్ని చౌరంగీనాథుడనే అంటారు. 1022 నుంచి 1061 దాకా వేంగి రాజ్యమేలిన రాజరాజ నరేంద్రుడికీ ఈ కథకూ చారిత్రకంగా సంబంధం లేదు. దేశమంతా తిరిగిన నాథయోగుల జోలెలో వచ్చిన కథ, పేరు కలిసిన చోట కాపురం పెట్టింది. ఆ తర్వాత రంగస్థలం దాన్ని తన అవసరం మేరకు కత్తిరించుకుంది. మోహమూ కత్తీ కన్నీళ్ళూ మిగిలాయి. యోగం చివరి రంగంలో వచ్చిపోయే మహిమగా కుదించుకుపోయింది. నరకటం మనకు గుర్తుంది, మొలవటం మరిచిపోయాం.

ఈ మరుపు ఒక్క సారంగధర కథకే పరిమితం కాదు. కుండలిని అనే మాట తెలుగు సాహిత్యంలో కనీసం ఐదారు శతాబ్దాలుగా ఉంది. భక్తులకు అది ప్రశ్నించరాని సత్యం. మనబోటి అభ్యుదయవాదులకు అది పరిశీలించనక్కర్లేని మూఢత్వం. ఇద్దరం వేర్వేరు దారుల్లో పోయి ఒకే చోటికి చేరాం: ఆ మాటను ఎవరు వాడారు, ఏ అవసరానికి వాడారు, దాని వల్ల ఏం పొందారు, ఏం పోగొట్టుకున్నారు అన్న విచారణ ఇద్దరమూ చెయ్యలేదు. ఆ విచారణకు ఇది ఒక చిన్న ప్రయత్నం.

ముందు సిద్ధాంతం క్లుప్తంగా చెప్పుకుందాం. వెన్నెముక అడుగున, మూలాధారంలో, మూడున్నర చుట్లు చుట్టుకుని ఒక శక్తి పాములా నిద్రపోతూ ఉంటుంది. ఇడ, పింగళ అనే రెండు నాడుల మధ్య ఉన్న సుషుమ్న గుండా అది పైకి లేచి, ఆరు చక్రాలు దాటి, నడినెత్తిన సహస్రారం చేరితే సాధకుడికి ముక్తి. ఈ పటం వేదకాలం నుంచీ మార్పులేకుండా వచ్చిందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. పాత తంత్రాల్లో చక్రాల సంఖ్య ఒకచోట నాలుగు, ఒకచోట తొమ్మిది, మరొకచోట పన్నెండు. ఆరు చక్రాల లెక్క క్రమంగా గెలిచింది. పదహారో శతాబ్దంలో బెంగాలుకు చెందిన పూర్ణానందుడు రాసిన 'షట్చక్ర నిరూపణం' ఆ గెలుపును ఖాయం చేసింది. కలకత్తా హైకోర్టు జడ్జి జాన్ వుడ్రఫ్ 1919లో దాన్ని ఇంగ్లీషులోకి దించాక ప్రపంచమంతా ఆ పటాన్నే ఏకైక పటమనుకుంది. శరీరం లోపలి పటానికి కూడా చరిత్ర ఉందన్నమాట.

ఆ చరిత్రలో తెలుగు పండితులకూ భాగముంది. సౌందర్యలహరికి వ్యాఖ్యానం రాసిన లొల్ల లక్ష్మీధరుడు ప్రతాపరుద్ర గజపతి ఆస్థానంలోనూ తర్వాత కృష్ణదేవరాయల ఆస్థానంలోనూ ఉన్నవాడు. గజపతులకూ రాయలకూ మధ్య యుద్ధాలు జరుగుతున్న కాలమది. మద్యమాంసాలతో కూడిన కౌలాచారాన్ని తిరస్కరించి, పూజ అంతా దేహం లోపల, మనసులోనే జరగాలనే సమయాచారాన్ని లక్ష్మీధరుడు నిలబెట్టాడు. శ్మశానంలో తిరిగే దేవతను అగ్రహారంలోకి తెచ్చిన పని ఇది. లోపలి పూజ బయటి అంటునూ మైలనూ తప్పించింది గనక పండితుడికి అది అనుకూలమైంది.

అయితే అదే లోపలి పూజ గుడిమెట్లు ఎక్కనివ్వని వాడికి మరోరకంగా అనుకూలమైంది. ఇక్కడే అసలు చరిత్ర మొదలవుతుంది. దేహమే గుడి అయితే పూజారి ఎందుకు? చక్రాల్లోనే దేవతలుంటే ప్రవేశం నిరాకరించేదెవరు? సాలెలు, కమ్మరులు, కుమ్మరులు, మాలమాదిగలు పాడుకున్న తత్త్వాల్లో ఈ తర్కం అడుగడుగునా ఉంది. తొమ్మిది వాకిళ్ళ ఇల్లు, ఆరంతస్తుల మేడ, మూడేళ్ళ సంగమం వంటి ప్రతీకలు పండితుల గ్రంథాల నుంచి నేర్చినవి కావచ్చు. తంబూరా మీద పాడినప్పుడు వాటి అర్థం మారింది. పండితుడికి రహస్యమైనది పామరుడికి హక్కయింది. దేబీప్రసాద్ చట్టోపాధ్యాయ 1959లో వెలువరించిన 'లోకాయత'లో తంత్రానికి దేహవాదపు పునాది ఉందనీ, దాని మూలాలు వ్యవసాయ సమాజపు క్రతువుల్లో ఉన్నాయనీ వాదించాడు. ఆయన నిర్ధారణలన్నీ ఒప్పుకోనక్కర్లేదు. దేహాన్ని తుచ్ఛమనే వేదాంతానికీ, దేహంలోనే అన్నీ ఉన్నాయనే సాధనకూ మధ్య ఉన్న వైరుధ్యాన్ని ఆయన గుర్తించిన తీరు మనకు ఉపయోగపడుతుంది.

వేమనను మనం చదివిన పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణ. కులాన్నీ విగ్రహాన్నీ ఎగతాళి చేసిన పద్యాలను పాఠ్యపుస్తకాలకూ వేదికలకూ తీసుకున్నాం. నాడులూ చక్రాలూ బిందువూ గురించిన పద్యాలను పక్కన పెట్టాం. బ్రౌను 1829లో వేమనను అచ్చువేసిన నాటి నుంచీ ప్రతి తరం తనకు కావలసిన వేమనను ఎంచుకుంది. మనమూ అదే చేశాం. కానీ వేమనకు ఈ రెండూ వేరుకావు. కులం ఒంటి మీద ఎక్కడుందో చూపమని అడిగే ధైర్యం, ఒంటిని లోపల్నుంచి చూసుకున్నానన్న నమ్మకం నుంచి వచ్చింది. ఆ నమ్మకం శాస్త్రీయంగా సరైందా కాదా అన్నది వేరే ప్రశ్న. అది అతనికి నిలబడే చోటిచ్చిందన్నది సాహిత్య చరిత్రకు సంబంధించిన వాస్తవం.

తరిగొండ వెంగమాంబ (1730-1817) సంగతి ఇంకా స్పష్టం. బాలవితంతువుగా శిరోముండనాన్ని నిరాకరించిన స్త్రీకి ఆనాటి సమాజంలో నిలబడే చోటేది? ఆమె యోగిని అయింది, 'రాజయోగామృతసారం' రాసింది. యోగం ఆమెకు ముక్తినిచ్చిందో లేదో మనం చెప్పలేం. జుట్టు ఉంచుకునే హక్కునూ, కలం పట్టే హక్కునూ సమర్థించుకునే భాషనిచ్చింది. కుండలిని సాధన ఫలాల గురించి మాట్లాడేవాళ్ళు తేజస్సులూ సిద్ధులూ లెక్కపెడతారు. ఈ ఫలాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఫలాన్ని చెప్పాక మూల్యాన్నీ చెప్పాలి. పోతులూరి వీరబ్రహ్మం కథల్లో కక్కయ్య కథ ఉంది. హరికథల్లో, బుర్రకథల్లో, 1984 నాటి సినిమాలో జనం విన్నదే. దూదేకుల సిద్ధయ్యకు బ్రహ్మంగారు దేహంలోని చక్రాలనూ వాటిలోని దేవతలనూ వివరిస్తుంటే చాటున ఉన్న కక్కయ్య వింటాడు. ఇంటికెళ్ళి, ఆ దేవతలను చూడాలని నిద్రపోతున్న భార్య ఒళ్ళు కోస్తాడు. రక్తమాంసాలు తప్ప ఏమీ కనిపించవు. మోసం చేశావని గురువు మీదికి వస్తాడు. కథ చివర బ్రహ్మంగారు ఆమెను బ్రతికిస్తారు, కక్కయ్య శిష్యుడవుతాడు.

ఈ కథను మాదిగ కక్కయ్య అమాయకత్వానికి ఉదాహరణగా చెప్పటం రివాజు. చాటుగా వినవలసిన స్థితి అతనికి ఎందుకు వచ్చిందని కథకులు అడగరు. విన్నదాన్ని పరీక్షించి చూడాలన్న అతని బుద్ధిలో తప్పులేదు. దారుణమంతా ఆ పరీక్ష ఎవరి దేహం మీద జరిగిందన్న దాంట్లో ఉంది. ప్రతీకను ప్రతీకగా అందుకునే చదువు ఒకరికి దక్కనివ్వకపోతే, దాని ఫలితం ఆ ఇంట్లో అందరికన్నా బలహీనమైన మనిషి మీద పడుతుంది. ఆ భార్యకు కథలో మాట లేదు. కుండలిని సాధన కష్టాల గురించి తెలుగులో ఇంతకంటే పదునైన కథ నాకు తెలియదు.

పందొమ్మిదో శతాబ్దంలో డెల్టా మారింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలవలనిచ్చింది, కాలవలు రెండు పంటలనిచ్చాయి, పంటలు చదువుకున్న మధ్యతరగతిని ఇచ్చాయి. ఆ మధ్యతరగతికి తొలి గొంతు కందుకూరి వీరేశలింగం. 1878లో ఆయన రాసిన 'రాజశేఖర చరిత్ర' ధవళేశ్వరంలోనే మొదలవుతుంది. అందులో బంగారం చేసిపెడతానని ఇంట్లో చేరిన బైరాగి ఉన్న బంగారం కాజేసి పోతాడు. గురజాడ 'కన్యాశుల్కం'లో బైరాగి సారా దుకాణంలోనే కనిపిస్తాడు. నాథసిద్ధుడు మూడు నాలుగు వందల ఏళ్ళలో ఇక్కడికి దిగాడు: చౌరంగిని బ్రతికించినవాడు రాజశేఖరుడిని ముంచాడు. వీరేశలింగం చూపు తప్పుకాదు. అటువంటి దొంగలు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. కానీ కొత్త మధ్యతరగతి బైరాగిని గుమ్మంలోంచి వెళ్ళగొట్టి తలుపు వేసుకున్నప్పుడు, కాలవగట్టు మీద తత్త్వం పాడుకునే కూలివాడు కూడా ఆ తలుపు అవతలే ఉండిపోయాడు.

మరో విచిత్రం, అదే తరగతి కుండలినిని దొడ్డిదారిన లోపలికి పిలుచుకుంది. ఈసారి వచ్చింది బైరాగి కాదు. ఉద్యోగస్తుడికి తగిన యోగం వచ్చింది. 1910లో కుంభకోణంలో మాస్టర్ సి.వి.వి. ప్రారంభించిన యోగానికి సన్యాసం అక్కర్లేదు, ఆసనాలు అక్కర్లేదు, ఊపిరి బిగబట్టనక్కర్లేదు. ఉదయం ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ ప్రార్థనలో కూర్చుంటే లోపలి పని గురువు శక్తి చేసుకుపోతుంది. గడియారంతో నడిచే యోగమిది. ఆఫీసుకు పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. ఒంట్లో కలిగే బాధల్ని లోపలి సర్దుబాట్లుగా అర్థం చేసుకోవటం ఈ సాధకుల్లో అలవాటు.

ఈ యోగంలోకి 1916 ప్రాంతంలో అనారోగ్యంతో వెళ్ళినవారు వేటూరి ప్రభాకరశాస్త్రి (1888-1950). కృష్ణా తీరంలోని పెదకళ్ళేపల్లి మనిషి. చాటుపద్యాలు పోగుచేసినవారు, శ్రీనాథుడి జీవితాన్ని శోధించినవారు, బసవపురాణాన్ని పరిష్కరించినవారు, తిరుపతిలో అన్నమాచార్యుల సాహిత్యాన్ని రాగిరేకుల నుంచి వెలికి తెచ్చినవారిలో ఒకరు. పాఠాంతరాల దగ్గర ఒక్క అక్షరాన్ని కూడా రుజువు లేకుండా ఒప్పుకోని ఆ పండితుడు, యోగం వల్ల తన జబ్బు నయమైందని నమ్మారు. తన దగ్గరకు వచ్చిన రోగులకు యోగంతోనే చికిత్స చేశారు. ఆ అనుభవాలను 'ప్రజ్ఞాప్రభాకరం'లో రాసుకున్నారు. మన సాహిత్య చరిత్రలు పరిష్కర్త శాస్త్రిగారిని మాత్రమే ఉంచుకున్నాయి, యోగి శాస్త్రిగారిని ఆయన భక్తులకు వదిలేశాయి. ఒకే మనిషిలో తాళపత్రం ముందు సంశయమూ గురువు ముందు విశ్వాసమూ ఎలా కాపురం చేశాయన్నది తెలుసుకోకుండా, ఆ తరం మేధావి మనసు మనకు అర్థమవుతుందా?

డెల్టా ఇదే కాలంలో మరో ఇద్దరిని చూసింది. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు ఇల్లు వదిలి హిమాలయాల్లో యోగసాధన చేసి స్వామి జ్ఞానానంద అయ్యారు. 1927లో జర్మనీ వెళ్ళారు. యోగం మీద ఉపన్యాసాలిచ్చిన ఆ సన్యాసి భౌతికశాస్త్రం వైపు తిరిగి, 1936లో ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందారు. లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర, అమెరికాలో మిచిగాన్‌లో పనిచేశారు. శూన్యస్థితిని సృష్టించి కొలిచే పద్ధతుల మీద ఆయన ఇంగ్లీషులో రాసిన గ్రంథం 1947లో వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతికశాస్త్ర విభాగాన్ని నెలకొల్పి 1969లో మరణించారు. సమాధిలోని శూన్యం నుంచి పంపుతో తయారుచేసే శూన్యానికి ఆయన వచ్చారు. రెండోదాన్ని కొలవవచ్చు, మరొకరు మళ్ళీ చేసి చూడవచ్చు. ఆ తేడా తెలిసిన మనిషి గనకే ప్రయోగశాల కట్టారు.

రెండోవారు ముమ్మిడివరం బాలయోగి. పిల్లవాడిగా 1940లలో మౌనంలో కూర్చుని, 1985లో మరణించేదాకా అలాగే ఉండిపోయారు. ఏటా శివరాత్రినాడు తలుపు తెరిస్తే చూడటానికి లక్షల జనం కోనసీమ కాలవలు దాటి వచ్చేవారు. ఆయన ఏమీ బోధించలేదు, ఏమీ రాయలేదు. జనం తమ కోరికలనూ భయాలనూ ఆ మౌనంలో పోసుకున్నారు. ఒకరు లోపలి అనుభవాన్ని దాటి అందరికీ అందే జ్ఞానానికి వెళ్ళారు. మరొకరి అనుభవం ఆయనతోనే ముగిసింది, మనకు మిగిలింది తిరునాళ్ళు. డెల్టా ఎవరిని ఎక్కువగా గుర్తుంచుకుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక సాధన వల్ల వచ్చే ఇబ్బందుల విషయం. దీన్ని దాపరికం లేకుండా రాసినవాడు కాశ్మీరుకు చెందిన గోపీకృష్ణ. చిన్న ప్రభుత్వోద్యోగి. గురువు లేడు. 1937లో ఒక ఉదయం ధ్యానంలో వెన్నులోంచి వెలుగు జలపాతంలా తలకెక్కిందని రాశాడు. తర్వాత వచ్చినవి ఆనందాలు కావు: నిద్ర పోయింది, ఆకలి పోయింది, ఒళ్ళంతా మంట, భార్యాబిడ్డల మీద ప్రేమ ఆరిపోవటం, పిచ్చెక్కుతుందన్న భయం. కోలుకోవటానికి ఏళ్ళు పట్టింది. కోలుకున్నాక తనకు తెలియని భాషల్లో కూడా కవిత్వం వచ్చిందని చెప్పుకున్నాడు. 1967లో ఈ ఆత్మకథ వెలువడ్డాక వైద్యులు కూడా ఈ సమస్యను పట్టించుకోవటం మొదలుపెట్టారు. అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ణయ గ్రంథం 1994లో మత, ఆధ్యాత్మిక సమస్యలకు జబ్బులతో కలపకుండా వేరే స్థానమిచ్చింది. 2017లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనం అరవై మంది బౌద్ధ ధ్యానసాధకులతో మాట్లాడి భయం, నిద్రలేమి, ఒంట్లో విద్యుత్తు పారినట్టు ఉండటం వంటి అనుభవాలను నమోదు చేసింది. పాము ఉన్నా లేకపోయినా కాటు మాత్రం నిజం.

ఈ మాట పుస్తకాల్లో చదివి రాయటం లేదు. కొన్నేళ్ళ కిందట మా బడిలో ఒక లెక్కల మాస్టారు ఏదో పుస్తకం చూసి రాత్రిళ్ళు మూడేసి గంటలు ప్రాణాయామం మొదలుపెట్టారు. నెల తిరక్కుండా నిద్ర పోయింది. వెన్ను కాలుతోందనేవారు. ఒకరోజు తరగతిలో సుద్దముక్క పట్టుకుని ఏడ్చారు. ఇంట్లోవాళ్ళు శక్తి మేలుకుంది, మందులు వాడితే పాపమన్నారు. మేము, స్టాఫు రూములో అభ్యుదయవాదులం, పాము ఎంతవరకు ఎక్కిందండీ అని నవ్వాం. వాళ్ళ భక్తీ మా హేతువాదమూ కలిసి ఆయన్ను ఎనిమిది నెలలు డాక్టరుకు దూరంగా ఉంచాయి. మందులతో, విశ్రాంతితో నెమ్మదించాక ఒకరోజు అన్నారు: "మీరు నవ్వకుండా వినుంటే మొదటి నెలలోనే ఆస్పత్రికి వెళ్ళేవాణ్ణి మాస్టారూ." కాసేపాగి ఇంకో మాటన్నారు. మొదటి వారంలో ఒక తెల్లవారుజామున కాలవగట్టున నిలబడితే చావంటే భయం పూర్తిగా పోయిందట. "అది జబ్బు కాదండీ. తర్వాత వచ్చింది జబ్బు." నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ జవాబు లేకపోవటమే ఈ వ్యాసానికి కారణం. తత్త్వాలు పాడేవాళ్ళ మధ్య ఇటువంటి అనుభవం కలిగినవాడికి కనీసం చుట్టూ వినేవాళ్ళుండేవారు, ముందు నడిచినవాడు ఒకడుండేవాడు. ఆ బృందాలు అన్నీ మంచివని కాదు. గురువు పేరిట దోపిడీ అక్కడా జరిగింది. కానీ అచ్చుపుస్తకం ఒంటరి సాధకుణ్ణి తయారుచేసింది. ఈనాటి మార్కెట్ ఆ ఒంటరితనాన్నే సరుకు చేసి, శిబిరానికింత అని రుసుము పెట్టి అమ్ముతోంది. ఒకప్పుడు గుడి కాదన్నవాడికి సొంత గుడి అయిన దేహం, ఇప్పుడు అద్దెకు తిరిగి తెచ్చుకోవలసిన వస్తువైంది. కుండలిని చరిత్రలో ఇంతకంటే పెద్ద పతనం లేదు.

మార్క్సు మతాన్ని నల్లమందుతో పోల్చాడన్నది మనం బాగా గుర్తుంచుకున్నాం. అదే చోట ఆయన మతంలో బాధితుల వేదననూ నిరసననూ కూడా చూశాడన్నది అంత బాగా గుర్తుంచుకోలేదు. విమర్శకుడు పామును నమ్మనక్కర్లేదు. శరీరశాస్త్రంలో దాని ఉనికికి రుజువు లేదు, ఆ మాట నిర్మొహమాటంగానే చెప్పాలి. కానీ నమ్మినవాడు ఏ బాధలోంచి నమ్మాడో, ఆ నమ్మకంతో ఏ తలుపు తెరిచాడో, ఏ గోతిలో పడ్డాడో చూడకపోతే అది విమర్శ అనిపించుకోదు.

సాహిత్య విద్యార్థులు చెయ్యదగిన పనులు చాలా ఉన్నాయి. వేమనను పక్కన పెట్టిన పద్యాలతో సహా చదవాలి. గౌరనను సారంగధర నాటకాల పక్కన పెట్టి చదవాలి. డెల్టా పల్లెల్లో మిగిలిన తత్త్వాలను, పాడేవాళ్ళు ఉండగానే, వాళ్ళ వృత్తీ కులమూ ఊరూ వివరాలతో రాసిపెట్టాలి. ముఖ్యంగా కక్కయ్య భార్య వైపు నుంచి ఆ కథను ఎవరైనా మళ్ళీ రాయాలి. ఆమె బ్రతికి లేచాక ఏమన్నదో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.